పదో తరగతి తర్వాత ఎంపీసీ ఒక్కటే దారా? మోటారు చుట్టే పిల్లాడికి ఏం చెప్పాలి?

లెక్కల సార్

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 16 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈసారి మా బడి నుంచి 41 మంది పదో తరగతి పాసయ్యారు. మెమోల కోసం వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఏం చదువుతావు అని అడిగాను. 29 మంది ఎంపీసీ అన్నారు. ఎందుకు అంటే "సాఫ్ట్‌వేర్ సార్" అన్నారు, అంతకు మించి ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

వాళ్లలో ఒక పిల్లాడి గురించి చెప్పాలి. లెక్కల్లో 47 మార్కులు. వాళ్ల మేనమామకు ఊళ్లో మోటార్లు చుట్టే షాపు ఉంది, సాయంత్రాలు అక్కడే ఉంటాడు. ఒకరోజు వాడి నోట్సు దిద్దుతూ వెనక పేజీ తిప్పితే పెన్సిల్‌తో "24 స్లాట్లు, 62 చుట్లు, 22 గేజి" అని రాసుంది. ఇదేంట్రా అంటే కాలిపోయిన మోటారు నుంచి పాత తీగ కోసి తీసేటప్పుడు చుట్లు లెక్కపెట్టి రాసుకోవాలట, లేకపోతే కొత్త తీగ ఎంత చుట్టాలో తెలియదట. స్లాట్లంటే మోటారు లోపల గుండ్రంగా ఉండే, తీగ కూర్చునే గాడులు; స్లాటుకీ స్లాటుకీ మధ్య ఎంత కోణం వస్తుంది అని అడిగితే ఒక్క క్షణం ఆగకుండా 15 డిగ్రీలు అన్నాడు. ఇదే లెక్క నేను పరీక్షలో వృత్తం గీసి ఇస్తే వదిలేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వీడి చేతుల్లో పనితనం ఉంది, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్‌కో, లేదంటే ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కో పంపమని వాళ్ల నాన్నతో మాట్లాడాను. "ఐటీఐ అంటే రేపు పిల్లనెవరిస్తరు సార్" అన్నాడు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ హాస్టల్‌కు అప్పటికే 10 వేలు అడ్వాన్స్ కట్టేశాడు, అదీ అప్పు తెచ్చి. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

ఈ చదువుల వ్యవస్థలో ఒక్కటి మార్చే అవకాశం మీకుంటే ఎక్కడ మొదలుపెడతారు? అనుభవం ఉన్నవాళ్లు రాయండి.

పద్మ_సూర్యాపేట

సార్, ఒక్కటే అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీ సొంత పిల్లల్ని ఐటీఐకి పంపారా?

లెక్కల సార్

లేదమ్మా. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతోంది. అడగాల్సిన ప్రశ్నే అడిగారు, నేను కూడా రెండు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను.

ఫిట్టర్_2009

సార్ నమస్తే. నేను ఐటీఐ ఫిట్టర్, 2009 బ్యాచ్, ఇప్పుడు జీడిమెట్లలో పని చేస్తున్నా. నా సంగతి మొత్తం చెబుతా, పిల్లాడికి పనికొస్తుందేమో.

మొదటి రెండు నెలలు మాకు ఒక్కటే పని. అరచేతంత ఇనప ముక్క ఇస్తారు, దాన్ని వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్ది చదును చేయాలి. మూలమట్టం పెట్టి కిటికీ వైపు ఎత్తి చూస్తే కింద నుంచి వెలుతురు కనబడకూడదు. కనబడితే మళ్లీ రుద్దాలి. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోయేవాణ్ణి. మా మాస్టర్ దగ్గరకు ముక్క తీసుకెళ్తే మాట్లాడేవాడు కాదు, కిటికీ వైపు ఎత్తి చూసి తిరిగి చేతిలో పెట్టేవాడు. పదకొండోసారి తల ఊపాడు. జీవితంలో ఏ పరీక్ష పాసైనప్పుడూ అంత సంతోషం రాలేదు నాకు.

కానీ ఆ మాస్టర్ రిటైరయ్యాక మా ట్రేడ్‌కు ఏడాది పాటు ఎవరూ రాలేదు. లేత్ మిషన్లు మూడు ఉంటే ఒకటే నడిచేది, 20 మందిమి దాని చుట్టూ నిలబడి చూసేవాళ్లం. రెండో సంవత్సరమంతా థియరీ నోట్సు రాసుకోవడంతోనే గడిచింది. ఆ తర్వాత ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఏడాది అప్రెంటిస్ చేశాను, నాకు పని వచ్చిందంటే అక్కడే వచ్చింది.

ఇప్పుడు అసలు బాధ. 14 ఏళ్ల అనుభవం ఉంది, కొత్తగా వచ్చే డిప్లొమా పిల్లలకు డ్రాయింగ్ చదవడం నేనే నేర్పిస్తా. ఏడాది తిరిగేసరికి వాళ్లు సూపర్‌వైజర్లు, నేను ఫిట్టర్‌నే. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలోకి దారి ఉంది, ఎల్‌పీసెట్ అంటారు, 60 శాతం మార్కులుండి బ్రిడ్జి కోర్సు, అంటే తగ్గిన సబ్జెక్టులు పూడ్చే చిన్న కోర్సు, చేసి రాయాలి. అది ఉందని మాకు కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు. తెలిసేసరికి నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, పగలు కాలేజీకి వెళ్లే పరిస్థితి లేదు. సాయంత్రం క్లాసులు ఉంటే ఇవాళైనా చేరతా.

మా పాత ఐటీఐ సహా 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం 2024లో మొదలైంది. రోబోలు, సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మిషన్లు) వచ్చాయంటే నిజంగా సంతోషమే. కాకపోతే మిషన్‌తో పాటు ఆ కిటికీ దగ్గర నిలబడి ముక్క ఎత్తి చూసే మాస్టర్ కూడా ఉండాలి.

బాలానగర్ వర్క్‌షాప్

మాది చిన్న పరిశ్రమ, 22 మంది పనివాళ్లు. నేను అటువైపు నుంచి చెబుతా.

నా దగ్గరకు ఏడాదికి 30 మందైనా ఉద్యోగం కోసం వస్తారు, అందులో సగం మంది బీటెక్ మెకానికల్. వెర్నియర్ చేతికిచ్చి ఈ షాఫ్టు కొలవమంటా. స్కేలు చదవడం వచ్చు, కానీ ఎక్కడ పట్టుకోవాలో, ఎంత బిగువుగా పట్టుకోవాలో తెలియదు. ముగ్గురు కొలిస్తే మూడు కొలతలొస్తాయి. వాళ్ల తప్పు కాదు, నాలుగేళ్లలో వెర్నియర్ పట్టుకున్నది రెండుసార్లో మూడుసార్లో.

మా పక్కనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచి ఉంది. పదో తరగతి తర్వాత టూల్ అండ్ డై మేకింగ్‌లో 4 ఏళ్ల డిప్లొమా. అక్కడి పిల్లల్ని నాలాంటి వాళ్లు తీసుకుందామన్నా దొరకరు, పెద్ద కంపెనీలు ముందే ఎత్తుకుపోతాయి. తేడా ఒక్కటే, వాళ్లు రోజులో ఎక్కువ సేపు మిషన్ దగ్గరే ఉంటారు. ఇలాంటిది జిల్లాకొకటి ఎందుకు లేదు అన్నదే నా ప్రశ్న.

అప్రెంటిస్‌ల సంగతి కూడా చెప్పాలి. చట్టం 1961 నాటిది. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలు తప్పనిసరిగా తీసుకోవాలి, నాలాంటి వాళ్లది ఇష్టం. స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం ఇస్తుంది. నేను ఇద్దర్ని తీసుకున్నా. పోర్టల్‌లో కాంట్రాక్టు ఎక్కించడం, హాజరు వేయడం, అన్నీ రాత్రి ఇంటికెళ్లాక నేనే కూర్చొని చేయాలి, నాకు హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్ లేదు. ఆరు నెలలు నేర్పాక ఒకడు రెండు వేలు ఎక్కువిస్తారని పక్క వీధికి వెళ్లిపోయాడు. వాడి ఇంటి పరిస్థితి వాడిది. కానీ నేర్పిన ఖర్చు నాది, లాభం పక్కవాడిది అయితే ఎవడు నేర్పుతాడు? బాలానగర్, జీడిమెట్ల సంఘాలు కలిసి ఒక ఉమ్మడి శిక్షణ షెడ్డు పెట్టుకొని, కాగితాల పని చూడటానికి ఒక మనిషిని ప్రభుత్వం ఇస్తే చాలు.

తొలితరం

సార్ మీద గౌరవంతోనే రాస్తున్నా, కొంచెం ఘాటుగా ఉంటుంది.

మా తాత చెప్పులు కుట్టాడు. మా నాన్న కూలికి పోయి నన్ను గురుకులంలో వేశాడు. ఉస్మానియాలో పీజీ చేశాను. మా వంశంలో నాకంటే ముందు సంతకం పెట్టినవాళ్లు లేరు. మీరు "వీడి చేతుల్లో పనితనం ఉంది" అన్నప్పుడు నాకు గుండెలో గుచ్చుకుంటుంది. మా పిల్లలకే ఎందుకు ఆ మాట చెబుతారు? డాక్టరు గారి అబ్బాయి స్క్రూలు విప్పుతుంటే ఇంజినీరు అవుతాడంటారు, మా పిల్లాడు విప్పుతుంటే మెకానిక్ అవుతాడంటారు.

ఇది కొత్తగా వచ్చిన అనుమానం కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లెటూళ్లలో బడి మూడు గంటలకు కుదించి, మిగతా సమయం పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని పథకం తెచ్చింది. కులవృత్తుల చదువు అని జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి దాన్ని రద్దు చేశారు. వృత్తివిద్య అనే మాట వినగానే మా ఇళ్లలో పెద్దవాళ్లు ఎందుకు ఉలిక్కిపడతారో దీన్నిబట్టి ఆలోచించండి. ఎంపీసీ చదివితే ఉద్యోగం రాకపోవచ్చు, నాకూ తెలుసు. కానీ ఎంపీసీ చదివిన మనిషిని ఊళ్లో పేరు పెట్టి "ఒరేయ్" అని పిలవడానికి కాస్త ఆలోచిస్తారు. ఆ తండ్రి అప్పు చేసి కొనుక్కుంటున్నది ఆ మర్యాదే.

లెక్కల సార్

మీరు రాసింది మూడుసార్లు చదివాను తమ్ముడూ. నేను ఆ 29 మందిలో ఎవరిని పిలిచి పాలిటెక్నిక్ గురించి చెప్పానో గుర్తు చేసుకున్నాను. నలుగురికి చెప్పాను. నలుగురూ పేదింటి పిల్లలే. సర్పంచ్ గారి అబ్బాయికి మార్కులు ఇంకా తక్కువే వచ్చాయి, వాడికి చెప్పాలని నాకు తట్టనే లేదు. తప్పు నాదే.

రైన్ నది ఒడ్డున

నేను జర్మనీలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను, ఊరు కరీంనగర్. ఇక్కడ మా పక్కింటి అబ్బాయి 17 ఏళ్లకు మెకట్రానిక్స్ శిక్షణలో చేరాడు. మూడున్నర ఏళ్లు. వారంలో ఒకటి రెండు రోజులు బడి, మిగతా రోజులు కంపెనీలో. మొదటి నెల నుంచే జీతం. పరీక్ష పెట్టేది బడి కాదు, కంపెనీ కాదు, స్థానిక వాణిజ్య పరిశ్రమల మండలి. అందుకే ఆ సర్టిఫికెట్‌కు దేశమంతా విలువ. తర్వాత మైస్టర్ పరీక్ష పాసైతే సొంతంగా షాపు పెట్టి అప్రెంటిస్‌లకు నేర్పవచ్చు, యూనివర్సిటీలో చేరే అర్హత కూడా వస్తుంది. మైస్టర్ అంటే ఇక్కడ వీధిలో గౌరవం.

2020 జాతీయ విద్యావిధానంలోనే ఒక పోలిక ఇచ్చారు, 12వ పంచవర్ష ప్రణాళిక అంచనా అది. 19 నుంచి 24 ఏళ్ల పనివాళ్లలో లాంఛనంగా వృత్తిశిక్షణ పొందినవాళ్లు మన దేశంలో 5 శాతం లోపు, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96. ఈ పద్ధతినే మన దగ్గర పెడితే సరిపోతుంది కదా?

తొలితరం

అన్నా, జర్మనీలో పిల్లల్ని వేర్వేరు బడులకు విడగొట్టేది ఎన్నో ఏట? నాకు తెలిసి అక్కడ చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయిపోగానే. పదేళ్లకే. మన ఊళ్లో పదేళ్లప్పుడు నన్ను విడగొట్టి ఉంటే నేను ఎటు పడేవాణ్ణో మీకు తెలుసు.

రైన్ నది ఒడ్డున

నిజమే. ఇక్కడ కూడా టర్కీ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల విషయంలో సరిగ్గా ఇదే గొడవ ఉంది. ఆ భాగం చెప్పకుండా సగమే చెప్పాను.

ల్యాబ్ అక్క

నేను ఇంటర్ వొకేషనల్ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) చదివాను, ఇప్పుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఉన్నాను. ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. నాన్న లేడు. 18 ఏళ్లకే జీతం తెచ్చాను, చెల్లిని చదివించాను. కాబట్టి ఎవరైనా వొకేషనల్ దండగ అంటే ఒప్పుకోను.

కానీ నాకు బీఎస్సీ చేయాలని ఉండేది. వొకేషనల్ వాళ్లు అలా వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. మా కాలేజీలో ఆ ఏడాది దానికి చెప్పేవాళ్లు లేరు, మీరే పుస్తకం కొనుక్కొని చదువుకోండి అన్నారు. ఉదయం ల్యాబ్‌లో రక్తం తీయడం, రాత్రి ఫిజిక్స్. పాసయ్యాను, కానీ అడ్మిషన్ల తేదీ దాటాక ఫలితం వచ్చింది. ఆ ఏడాది పోయింది, తర్వాత ఇక కుదరలేదు. దారి ఉందని కాగితం మీద రాస్తే సరిపోదు, నడవడానికి వీలుండాలి.

ఇంకొకటి. ఐటీఐ చేసినవాళ్లు ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా ఇంటర్‌తో సమానమైన సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మా తమ్ముడి వరస అబ్బాయి అలాగే తెచ్చుకున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా.

సివిల్_బ్యాచ్2014

నేను బీటెక్ సివిల్. 2007-08లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచి 700 దాటాయి. ఆ పథకం లేకపోతే నేను కాలేజీ గేటు కూడా చూసేవాణ్ణి కాదు, ఆ రుణం మర్చిపోను. కానీ కాలేజీ ఎలా ఉందో ఎవరూ చూడలేదు. మా సర్వేయింగ్ ల్యాబ్‌లో థియోడలైట్ ఒకటే, దాన్నీ తనిఖీ వాళ్లు వచ్చిన రోజే బయటికి తీసేవాళ్లు. చివర్లో ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని మెమోలు ఆపి మా దగ్గరే కట్టించుకున్నారు. అమ్మ పుస్తెలు కుదువ పెట్టింది.

సైట్‌లో పని నేర్పింది ఎవరో తెలుసా, ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రి. స్లంప్ కోన్ ఎత్తగానే కాంక్రీటు ఎంత జారిందో కంటితో చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక్క సర్టిఫికెట్ లేదు, నా దగ్గర ఫైలు నిండా ఉన్నాయి. మా ఇద్దరిలో ఎవరికీ న్యాయం జరగలేదు. ఆయనకు నాక్‌లో (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇప్పించమని మా కాంట్రాక్టరును అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకొని అందరూ సీఎస్‌ఈ పెంచుకుంటున్నారు. మేం చేసిన తప్పే పేరు మార్చి చేస్తున్నారనిపిస్తోంది.

గెస్ట్ లెక్చరర్

పైవన్నీ చదివాక నా వంతు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పీరియడ్‌కు ఇంత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని, తొమ్మిదేళ్లు. వేసవిలో జీతం లేదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ, 1918లో పుట్టిన ఉస్మానియాలో కూడా అంతే. పీహెచ్‌డీ చేసి కూర్చున్నవాళ్లం వందల మందిమి.

2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం తెలంగాణలో 18-23 ఏళ్ల వాళ్లలో 40 శాతం, ఆంధ్రాలో 36.5 శాతం కాలేజీల్లో పేరు నమోదు చేసుకున్నారు, దేశ సగటు 28.4. మంచి అంకెలే. కానీ నమోదైనవాళ్లు నా క్లాసులో ఎంతమంది కూర్చుంటున్నారు? 60 మంది పేర్లుంటే 11 మంది. మిగతా పిల్లలు ఏమయ్యారంటే ఫుడ్ డెలివరీ, పెట్రోల్ బంకు, షాపింగ్ మాల్. స్కాలర్‌షిప్ కోసం పేరు ఉంటుంది. ఆంధ్రాలో 2020లో డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, ఆలోచన నాకు నచ్చింది. కానీ మా బంధువుల అమ్మాయి ఉండే మండల కేంద్రంలో ఇంటర్న్‌షిప్ ఇచ్చేది ఎవరు, ఎరువుల దుకాణమా? చివరికి రిపోర్టు జిరాక్స్ షాపులో కొన్నది.

విధానాలకు కొరత లేదండీ. 1986 జాతీయ విద్యావిధానంలోనే ఇంటర్ స్థాయి పిల్లల్లో 1990కి 10 శాతం, 1995కి 25 శాతం మందిని వృత్తి కోర్సుల్లోకి తేవాలని రాశారు. 1992లో ఆ గడువులు 1995కి, 2000కి జరిపారు. 2020లో మళ్లీ, 2025కల్లా కనీసం సగం మందికి వృత్తివిద్య పరిచయం కావాలన్నారు. ఆ 2025 కూడా వచ్చి వెళ్లింది. ప్రతిసారీ గడువులు మారాయి కానీ పాఠం చెప్పే మనిషికి జీతం ఎవరిస్తారన్నది తేలలేదు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది అక్కడే.

పద్మ_సూర్యాపేట

సార్, ఇంతకీ ఆ పిల్లాడు ఏమయ్యాడు?

లెక్కల సార్

నిన్న మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఈసారి వాళ్ల నాన్నతో కాదు, ముందు పిల్లాడితోనే మాట్లాడాను. నీకు ఏం కావాలిరా అంటే "మోటారు ఎందుకు తిరుగుతుందో తెలుసుకోవాలి సార్, చుట్టడం వచ్చు కానీ ఎందుకో తెలియదు" అన్నాడు. నేను ఇన్నాళ్లూ వాణ్ణి చేతిపని పిల్లాడు అనే లెక్కలోనే చూశాను, వాడు అడుగుతున్నది ఫిజిక్స్.

వాళ్ల నాన్నకు పాలిటెక్నిక్ మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చని కాగితం మీద గీసి చూపించాను. బీటెక్ అనే మాట వినగానే ఆయన ముఖం మారింది. "అంటే దారి బందు కాదన్నమాట" అన్నాడు. పక్కనున్న చుట్టాలాయన కూడా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అడ్వాన్స్ కట్టిన 10 వేలు తిరిగి ఇవ్వరని ఆయన బాధ, ఆ సంగతి నేను వెళ్లి మాట్లాడతానన్నాను.

ఇక నేను వేసిన ప్రశ్నకు ఇప్పుడు నా మనసులో ఉన్నది చెబుతాను. 15 ఏళ్ల పిల్లాణ్ణి నువ్వు ఇటు, నువ్వు అటు అని విడగొట్టే పనే మనం మానుకోవాలి. ఎనిమిది నుంచి పది దాకా అందరికీ, సర్పంచ్ గారి అబ్బాయితో సహా, వారానికి ఒక పూట వర్క్‌షాప్ ఉండాలి. మార్కులు మామూలు సబ్జెక్టుల్లాగే కలవాలి. మా బడిలో నుంచే మొదలుపెడతాను, హెడ్మాస్టరు గారు ఒక గది ఇస్తామన్నారు. బెంచీలు, వైస్‌లు కావాలి. నేర్పే మనిషి కావాలి, అది నాకు చేతకాదు.

తొలితరం

సర్పంచ్ గారి అబ్బాయి కూడా ఆకురాయి పట్టుకుంటే నేను మీతోనే ఉంటా సార్. రెండు వైస్‌లకు డబ్బు నేను పంపిస్తా.

ఫిట్టర్_2009

సార్, నాకు ఆదివారాలు సెలవు. నెలకు రెండుసార్లు వస్తా, బస్సు చార్జీ కూడా వద్దు. మొదటి రోజు ఎంఎస్ ఫ్లాట్ ఇనప ముక్కలు, ఒక్కో పిల్లకు ఒకటి చొప్పున, నేనే కోయించి తెస్తా. బ్యాచ్‌కు పదిహేను మందిని మించి పెట్టకండి, అంతకంటే ఎక్కువైతే చేతులు చూడలేను. గదికి కిటికీ ఏ వైపు ఉంది? తూర్పు వైపు ఉంటే పొద్దున్నే పెడదాం.

బాలానగర్ వర్క్‌షాప్

వైస్‌లు మూడు నా దగ్గర వాడనివి ఉన్నాయి, దవడలు మార్పిస్తే కొత్తవాటిలా పనిచేస్తాయి. వచ్చి తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు ఆ మోటారు పిల్లాణ్ణి, వాళ్ల నాన్నను కూడా తీసుకురండి, ఒక పూట వర్క్‌షాపులో నిలబడి చూస్తారు. మా దగ్గర డిప్లొమా చేసి ఇప్పుడు జీతంతో పాటు పార్ట్‌టైమ్ బీటెక్ చదువుతున్న అబ్బాయి ఉన్నాడు, వాళ్ల నాన్న అతనితో మాట్లాడితే మనం చెప్పేదానికంటే బాగా అర్థమవుతుంది. శనివారం పది గంటలకు రండి. పిల్లాణ్ణి చెప్పులతో తేకండి, బూట్లు వేసుకొని రమ్మనండి, లేకపోతే మిషన్ దగ్గరికి రానివ్వను.

లెక్కల సార్

ఏడు గంటల బస్సుకు బయల్దేరుతాం. పిల్లాడికి బూట్లు లేవు, మా అమ్మాయివి సరిపోయేలా ఉన్నాయి, రేపు వేసి చూస్తాను. కిటికీ తూర్పు వైపే ఉంది.